రెండు తాళాల గది

కెరమెరి ఘాటు పైన ఒక చిన్న ద్రాక్షతోట ఉండేది. అక్కడ ఒక యేడు పీపాలలోని ద్రాక్షసారా అంతా చెడి పుల్లటి సిరకా అయిపోయింది. అది నా వల్ల జరిగింది. ఈ మాట చెప్పవలసిన రోజున నేను చెప్పలేదు. ఆ తప్పు ఇంకొకరి చేతి మీద పడుతుంటే పక్కనే కూర్చుని చూశాను.

ఆ చెయ్యి ఉన్న మనిషి మొన్న పోయింది. సుల్తానాబాద్‌లో ఆమె అత్తవారింట్లో పెద్దకర్మ చేస్తే పోయాను. భోజనాల దగ్గర ఆమె మరిది వరస ఒకాయన, చెడ్డవాడేం కాదు, విస్తట్లో పప్పు కలుపుకుంటూ అన్నాడు.

"మా వదినె మనిషి మంచిదే గని, చెయ్యి కలిసి రాలే. గా చెయ్యి తగిలే గద అప్పట్ల సారా అంత సిరకా అయ్యింది."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. చచ్చిపోయిన మనిషి గురించి అందరికీ తెలిసిన సంగతి ఒకటి చెప్పుకున్నట్టు ఊపారు.

"ఆమె చెయ్యి కాదు. నేను చెడగొట్టిన," అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "సారూ, పెద్దకర్మకు కూడ తాగి వచ్చినవా?"

అందరూ నవ్వారు. నేను లేచి చెయ్యి కడుక్కున్నాను. ఆమె దగ్గర ఈ మాట నేను అంతకు ముందే ఒప్పుకున్నాను. కానీ అది గుట్ట దిగి చుట్టాల దాకా రాలేదని ఆ నవ్వుతో తెలిసింది. అందుకే రాస్తున్నాను.

అప్పట్లో నేను ఎక్సైజులో కొత్తగా చేరిన సబ్ ఇన్‌స్పెక్టర్ని. మాది జమ్మికుంట, పత్తి మార్కెట్ వెనక వాడ. బండ్ల చప్పుడు, మనుషుల అరుపులు లేకపోతే నిద్ర పట్టనివాణ్ణి. నన్ను తీసుకుపోయి ఆ గుట్ట మీద వేశారు. సారా చేసే చోట సర్కారు మనిషి ఒకడు కావలి ఉండాలని నియమం. పీపాల గదికి రెండు తాళాలుండేవి. ఒకదాని తాళంచెవి యజమానిది, రెండోదాని తాళంచెవి నాది. ఒక్క తాళం తీస్తే ఆ తలుపు తెరుచుకోదు. తాము చేసిన సరుకు దగ్గరికి నేను లేకుండా వాళ్ళు పోలేరు. వాళ్ళు లేకుండా నేను పోలేను.

బస్సు నన్ను దింపి పోయిన రోజు ట్రంకుపెట్టె మీద కూర్చుని అటూ ఇటూ చూస్తున్నాను. నిలువుగా పాతిన రాతి కడీల మీద తీగల పందిరి, దాని వెనక పెంకుటిల్లు, ఇంటి వెనక గుట్టను తొలిచి కట్టిన పీపాల గది. చుట్టూ అడవి. పందిరి కింది నుంచి ఒక ఆడమనిషి వచ్చింది. పొడుగ్గా, నల్లగా ఉంది. ఎత్తు తక్కువ తలుపుల్లోంచి తిరిగి తిరిగి అలవాటైన మనిషిలాగ కొద్దిగా ముందుకు వంగి నడుస్తోంది. నన్ను చూసి, ఇంటి వైపు తిరిగి కేకేసింది.

"ఇగో, రెండో తాళం వచ్చింది. దీనికి బువ్వ పెట్టాల్నో, నూనె పెట్టాల్నో అడుగు."

ఆ రోజు నుంచి నేను అక్కడ తాళం సారును. చాలా రోజుల తర్వాతగానీ తమ్ముణ్ణి కాలేదు.

ఆమె భర్తను అందరూ పటేలా అనేవారు. పెద్ద భూములున్న ఇంటి రెండో కొడుకు. అరవై తొమ్మిదిలో ఉద్యమానికి కాలేజీలు మూతపడితే హైదరాబాదులో వ్యవసాయం చదువు మధ్యలో ఆపి వచ్చాడు. అన్నతో పడక, తండ్రి ఎప్పుడో కొని వదిలేసిన ఈ గుట్ట భూమికి పెళ్ళాన్ని తీసుకుని వచ్చేశాడు. కింది కంటే ఇక్కడ చలి ఎక్కువ, రాత్రులు చల్లన, ద్రాక్షకు మంచిదని ఆయన చదువులో ఉన్నదట. తీగలు పందిరి ఎక్కుతుండగా చట్టం వచ్చింది. ఏజెన్సీలో భూమిని గిరిజనులకు తప్ప ఇంకెవరికీ అమ్మరాదు. అది న్యాయమైన చట్టమే, నేను ఆ ప్రాంతంలో తిరిగినవాణ్ణి కనుక చెప్పగలను. కానీ వీళ్ళ రాతి కడీల తోట ఏ గోండుకు, ఏ కోలాముకు కావాలి? వాళ్ళకు జొన్న పండే నేల కావాలి. ఈలోగా సుల్తానాబాద్‌లో అన్నదమ్ములు పంపకాలు చేసుకుని, "నీ వాటా ఆ గుట్టనే గద" అన్నారు. అమ్ముకుని కిందికి దిగడానికి లేదు. కింద నిలబడడానికి గుంట భూమి లేదు.

ఈ సంగతి ఆమె ఒక్క మాటలో చెప్పేది. "మేం గుట్టను కొనలే సారూ. గుట్టనే మమ్ముల కొన్నది."

నవ్వుతూనే అనేది. ఆమె నవ్వేటప్పుడు కింది పెదవి పంటికింద పట్టుకునేది, ఎక్కువ బయటికి రాకుండా.

తోట ఆయనది, గది ఆమెది. అలా ఎవరూ పంచలేదు, అలా అయిపోయింది. ఆయన పుస్తకం చూసి మొదలుపెట్టిన సారా మొదటి యేడు చేదైందట. రెండో యేడు ఆమె చేసింది. తర్వాత ఆయన గదిలోకి వచ్చినా గుమ్మం దగ్గర నిలబడి, "ఎట్లున్నది?" అని అడిగి పోయేవాడు, బాలింత గదికి వచ్చిన మొగవాడిలాగ.

గదిలోకి పోయే ముందు ఆమె ఒక పని చేసేది. మెత్తటి పాత గుడ్డపీలికలు రెండు తీసుకుని, ముంజేతుల గాజుల చుట్టూ చుట్టి ముడి వేసుకునేది. మొదటిసారి చూసినప్పుడు దెబ్బ తగిలిందా అని అడిగాను.

"గాజులు చప్పుడు చేస్తే పీపా మాట ఇనపడది సారూ. తీసేద్దామంటె మా అత్త గుండె పలుగుతది."

నిజంగానే వినేది. పీపా చెక్కకు చెంప ఆనించి కళ్ళు మూసుకుని నిలబడేది. కొత్త రసం లోపల సన్నగా చిటచిటమంటూ ఉడుకుతుంది. ఆ చప్పుడు గట్టిగా ఉంటే ఒక తీరు, ఆగి ఆగి వస్తే ఒక తీరు. "ఇది అలిగింది" అని ఒకదాని మీద గోనెసంచి కప్పేది. "దీనికి కోపమెక్కువున్నది, జర చల్లవడని" అని ఇంకోదాని చుట్టూ తడిగుడ్డ కట్టేది. నేనూ చెంప ఆనించి చూశాను. నాకు నా చెవిలో రక్తం పోతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

ఆమె సారా తాగేది కాదు. నాలుక తడుపుకుని ఊసేసి, ఇంత జొన్నరొట్టె ముక్క నమిలేది. కానీ ఆమె ముక్కు ముందర ఏదీ దాగేది కాదు. సాయంత్రం కింది ఊరి గౌడాయన కల్లు తెస్తే నేనొక ముంత తాగి వచ్చేవాణ్ణి. ఇంటి మెట్టు ఎక్కకముందే లోపలినుంచి వినపడేది.

"సారూ, నువ్వు రా. నీ వెంట వచ్చిన గౌడాయనను బయటనే కూసోవెట్టు."

అది పరాచికమే అయినా, కల్లు గురించి ఆమెకు గట్టి నియమం ఒకటుండేది. కల్లు ముంత గాని, కల్లు తాగిన చెయ్యి గాని పీపాల గది గడప దాటవద్దు. పులిసిన కల్లు చుక్క ఒకటి చాలు, పీపా పీపానే సిరకా చేస్తుందనేది. తాను వాడే రాగి గరిటెను ప్రతిసారీ సలసల మరిగే నీళ్ళలో ముంచి, తన బీరువాలోనే పెట్టి తాళం వేసుకునేది. "అంటుముట్టు బ్రాహ్మలకంటె మీకే ఎక్కువున్నట్టుంది" అని నేను వెక్కిరించేవాణ్ణి. "తిట్టుకో, గని ముంత మాత్రం అవుతల పెట్టు," అనేది.

తలుపు పక్కన ఉన్న పీపాను తల్లి పీపా అనేది. పీపాలు చెక్కవి కనుక లోపలి సారా కొద్దికొద్దిగా ఆవిరై తగ్గుతుంటుంది. ఖాళీ జాగా ఉంటే గాలి చేరి పాడవుతుంది. వారానికొకసారి ఆమె తల్లి పీపాలోంచి తోడి మిగతా అన్నిట్నీ మెడ దాకా నింపేది. ఆ రోజు నేను తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చోవాలి. గాజులకు గుడ్డలు చుట్టుకుని, తలకు రుమాలు కట్టుకుని, నోరు తెరవకుండా ఒక్కొక్క పీపా దగ్గరికీ పోయి నింపుతుంటే, మాటల మనిషి ఇంతసేపు ఎట్లా ఊరుకుందని ఆశ్చర్యంగా ఉండేది.

ఈ వారం వారం పనికి ఒక చిక్కుండేది. అత్తవారింట్లో నెలసరి దినాల్లో ఆడవాళ్ళు పచ్చడి జాడీని కూడా ముట్టుకోవద్దు. గుట్ట మీద ఉన్నది ఇద్దరే. పీపాలు నెలకు మూడు వారాలే తగ్గుతామని ఒప్పుకోవు కదా. ఆమె అన్ని దినాల్లోనూ గదిలోకి పోయేది. ఆయనకు తెలుసు, ఆయన ఏనాడూ అడ్డు చెప్పలేదు. ఒకసారి అత్తగారు వచ్చి ఉన్నప్పుడు ఆమె పశువుల కొట్టం పక్కన దూరంగా కూర్చున్నది. నింపే పని పటేలు చేసి సగం నేలపాలు చేశాడు. అత్తగారు దిగిపోయిన తర్వాత గదిలో నేల కడుగుతూ ఆమె నాతో అన్నది.

"మా అత్తమ్మ వస్తేనే నాకు దూరం వస్తది సారూ. ఆమె బస్సెక్కంగనే పోతది."

పక్కన పటేలు నవ్వు ఆపుకోలేక బయటికి నడిచాడు. ఆ గుట్ట మీద వాళ్ళకున్న స్వేచ్ఛ అదొక్కటే అనిపిస్తుంది నాకిప్పుడు. కింద ఎవరికీ చెప్పుకోలేనిది, ఇద్దరూ కలిసి దాచుకున్నది.

ఇంకొకటి ఉంది. దసరా పోయాక తీగల కత్తిరింపు. ఒక్కో వరుసకు ఒక కొసన ఆమె, ఇంకో కొసన ఆయన కత్తెరలు పట్టుకుని మొదలుపెట్టేవారు. నడుమ కడీ దగ్గరికి ఎవరు ఆలస్యంగా చేరితే వాళ్ళు ఆ పూట వంట చెయ్యాలి. ఎక్కువగా ఆయనే ఓడిపోయేవాడు. "తీగకు దెబ్బ తగలకుండ కోస్తున్న, గందుకే ఆలస్యం" అనేవాడు. "నువ్వు దానికి చెవిల ముచ్చట చెప్పుకుంట కోస్తున్నవు," అనేది ఆమె. ఆయన మాడ్చిన పప్పు ముగ్గురం తినేవాళ్ళం. నాకు పెళ్ళి కాలేదు అప్పటికి. మొగుడూ పెళ్ళాలంటే ఇట్లా ఉంటారు కాబోలు అనుకునేవాణ్ణి.

ఇదంతా నేను ఏం పాడుచేశానో తెలియాలని రాశాను.

శ్రావణంలో మరిది పెళ్ళికి ఇద్దరూ సుల్తానాబాద్ పోయారు. ఇల్లు నాకప్పగించారు. వాళ్ళ తాళంచెవి ఎప్పుడూ ఉండే చోటే, దేవుని పటాల వెనక మేకుకే ఉంది. వాళ్ళు లేని ఆ రోజుల్లో మా శాఖ పెద్దసారు ఒకాయన జీపులో తనిఖీకి వచ్చాడు. తోట చూశాడు, రిజిస్టరులో సంతకాలు చేశాడు. "గుట్ట సారా బాగుంటదంటరు, రుచి చూపియ్యవా" అన్నాడు. పీపాల గది యజమాని లేకుండా తెరవడం ఉద్యోగం పోయే తప్పు. ఆయనకూ తెలుసు. అడిగాడు, అడగనట్టు అటు తిరిగి సిగరెట్టు ముట్టించాడు.

నేను మేకు మీది తాళంచెవి తీశాను. రెండు తాళాలూ తెరిచాను. గరిటె ఆమె బీరువాలో ఉంది. నా గదిలో ముందు రోజు కల్లు తాగిన ముంత ఉంది. నీళ్ళు పోసి ఒకసారి కడిగి, తల్లి పీపా మూత తీసి దాంట్లో ముంచాను. ముంచుతున్నప్పుడు ఆమె నియమం గుర్తుకు రాలేదని చెప్పలేను. వచ్చింది. ఏమవుతుందిలే, ఆడవాళ్ళ చాదస్తం అనుకున్నాను. ఆయన తాగి బాగుందంటే మళ్ళీ ముంచాను. మూత సరిగా కూర్చోలేదు, అరచేత్తో ఒక దెబ్బ కొట్టాను. జీపు పోయింది. తాళంచెవి మేకుకు వేశాను.

వాళ్ళు వచ్చారు. ఆమె ఆ వారం ఎప్పటిలాగే గాజులకు గుడ్డలు చుట్టుకుని, గరిటె మరిగించుకుని, తల్లి పీపాలోంచి అన్ని పీపాలూ నింపింది. నేను స్టూలు మీద కూర్చుని చూస్తున్నాను. అప్పుడైనా చెబితే ఒక్క పీపాతో పోయేది. అప్పటికి నాకు అంత తెలియదని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. ఆమె చెప్పినదంతా విన్నవాడికి తెలియకపోవడం ఏమిటి?

కొన్ని వారాలకు, ఒకరోజు తలుపు తెరిచి ఆమె గడప మీదే నిలబడిపోయింది. ముక్కుపుటాలు అదిరాయి. గుడ్డలు చుట్టుకోకుండానే లోపలికి పోయింది. ఒక్కొక్క మూతా తీసింది. గాజులు గలగలమంటూనే ఉన్నాయి. చివరి పీపా దగ్గర నేలమీద కూర్చుంది.

"మొత్తం పోయింది," అన్నది.

నా వైపు చూసింది. "సారూ, మేం లేనప్పుడు గీ గదిలకు ఎవలన్న వచ్చిండ్రా?"

"రెండు తాళాలున్నయి గదమ్మా," అన్నాను. "ఎట్ల వస్తరు?"

ఆ జవాబు ఎంత తొందరగా వచ్చిందో నాకే భయం వేసింది. ఆమె తలూపింది. ఆ తాళాలను ఆమె నమ్మింది, లేదా నన్ను.

ఏడాది పని మోరీ కాలవలో పోశారు. కబురు కిందికి చేరి అత్తగారు వచ్చింది. పెద్దమనిషి కేకలు వేయలేదు. వసారాలో పీట మీద కూర్చుని, కోడలిని ఎదురుగా నిలబెట్టి, నెమ్మదిగా అడిగింది. నేను అదే వసారా చివరన కుర్చీలో ఉన్నాను.

"ఏ దినాలల్ల పోయినవే లోపటికి?"

ఆమె కావాలంటే అబద్ధమాడి తప్పించుకోవచ్చు. "అన్ని దినాలల్ల పోయిన అత్తమ్మా," అన్నది.

అత్తగారు కొడుకు వైపు తిరిగింది. "నువ్వెట్ల పోనిచ్చినవురా?"

పటేలు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. కింది పెదవి తడుపుకున్నాడు. "నేనద్దనే అన్న అవ్వా. ఇనలే."

ఆమె ఆయన వైపు చూసింది. ఎక్కువసేపు చూడలేదు. ఆయన ఏనాడూ వద్దనలేదని ఆయనకు తెలుసు, ఆమెకు తెలుసు, నాకు తెలుసు. ఆయన తల్లి ముందు ఒక మాటకు భయపడ్డాడు, నేను నా ఉద్యోగానికి భయపడ్డాను. ఇద్దరు మొగవాళ్ళం అక్కడ ఉండి ఆమెను ఒక్కదాన్నే నిలబెట్టాం.

"ఇగ ఆ గడప తొక్కకు," అన్నది అత్తగారు.

అప్పటి నుంచి గది ఆయన చేతికి వచ్చింది. ఉదయం తలుపు దగ్గర ఆయనా నేనూ కలిసేవాళ్ళం. ఆమె పందిరి కింద, వంటింట్లో, బావి దగ్గర. ఇప్పుడు గుడ్డలు చుట్టుకునే పని లేదు కనుక రోజంతా ఆమె గాజులు వినపడేవి. నాకు తలుపు దగ్గర కూర్చుంటే ఆ చప్పుడు తప్ప ఇంకేం వినపడేది కాదు. దసరా తర్వాత కత్తిరింపు వచ్చింది. ఇద్దరూ ఒకే కొస నుంచి, వేరు వేరు వరుసల్లో, ఒకే వైపు నడుచుకుంటూ కత్తిరించారు. వంట రోజూ ఆమే చేసింది.

ఆయన చేసిన సారా మందునీళ్ళలాగ ఉండేది. మరుసటి యేడు ఆయనే ఒకరోజు, నా ముందరే, తల దించుకుని అన్నాడు. "ఇగ అవ్వ గుట్టెక్కి రాదు. గది నువ్వే చూసుకోరాదు?"

"అద్దు. నా చెయ్యి మంచిది కాదు," అన్నది ఆమె. ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపు అయితే నాకు అంత బాధ ఉండేది కాదు. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

ఆ మాట ఆమె ఎంత నమ్మిందో ఒక ఎండాకాలం మధ్యాహ్నం తెలిసింది. అన్నంలోకి మజ్జిగ పోస్తుంటే పల్చగా, పులుపు లేకుండా ఉంది. పటేలు పనికి పోయాడు. "పెరుగు తోడుకోలేదా అక్కా?" అన్నాను. అప్పటికి అక్కా అంటున్నాను.

"ఆయన తోడు పెడతడు తమ్మీ. ఆయనకు చేతకాదు, గోరువెచ్చగ ఉండంగ పెట్టాల్నంటె ఇనడు."

"నువ్వెందుకు పెడ్తలేవు?"

ఆమె గిన్నె మీద మూత సరిచేసింది. "నేను పెడితే పాలు పలుగుతయేమోనని భయం. పచ్చడి గూడ పనికొచ్చే కోలామామెతోని కలిపిస్తున్న. ఊకె నవ్వకు. ఒక్కసారి అయినంక మనిషికి బుగులు పడ్తది."

నేను నవ్వలేదు. అడవిలో ఆకు కదలని మధ్యాహ్నం, ఇంట్లో ఇద్దరమే ఉన్నాం. నాలుగు మాటలు చాలు. చెబితే ఆమె భర్తకు చెబుతుంది, ఆయన కింద చెబుతాడు, అది మా ఆఫీసుకు చేరుతుంది. అప్పటికి నాకు పెళ్ళి కుదిరింది. కంచంలో చెయ్యి పెట్టి, ఆ పల్చటి మజ్జిగన్నం మొత్తం తిన్నాను. పీపాలను చెంప ఆనించి పలకరించిన మనిషి ఇంట్లో పావుసేరు పాలకు తోడు వేయడానికి భయపడుతోందని తెలిసి కూడా తిన్నాను.

ఆ నెలే బదిలీకి పెట్టుకున్నాను. శ్రీరాంపూర్ వేశారు. బొగ్గు దుమ్ము మధ్య ఎవరూ ఎవరి ముఖంలోకీ చూడరని హాయిగా అనిపించింది. బస్సెక్కేటప్పుడు ఆమె రోడ్డు దాకా వచ్చి ద్రాక్షపళ్ళ బుట్ట ఇచ్చింది. "నువ్వన్న దిగిపోతున్నవు, మంచిది," అన్నది.

మద్యనిషేధం వచ్చిన యేడు మళ్ళీ ఆ ఘాటెక్కాను. అప్పటికి నేను ఇన్‌స్పెక్టర్ని, నా పిల్లలు హైస్కూలుకు వచ్చారు. ఉన్న సరుకు పారబోయించి గదికి సీలు వెయ్యమని ఆర్డరు. ఇంకెవరినైనా పంపవచ్చు. నేనే పోయాను. చెప్పాలని పోయానో, ఒకసారి చూడాలని పోయానో ఇప్పటికీ తేల్చుకోలేను.

తోట సగమైంది. రాతి కడీలు కొన్ని పడిపోయి ఉన్నాయి. పటేలు వయసుకు మించి ముసలివాడైపోయాడు, ఇంటి ముందు కోలాము కూలీల చేత గుంత తవ్విస్తున్నాడు, సారా పొయ్యడానికి. పలకరిస్తే చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు. పూర్తిగా వినపడడం లేదు. ఎవరేమన్నా ఆమె వైపు చూస్తున్నాడు. ఆమె ఆయనకు అలవాటైన గొంతుతో, పెదవులు విప్పి, మళ్ళీ చెబుతోంది. ఆమె జుట్టు తెల్లబడింది. నడుము ఇంకొంచెం వంగింది.

రెండు తాళాలూ తీయించాను. జవాన్లు పీపాలు బయటికి దొర్లిస్తున్నారు. ఆమె గడపకు ఇవతల, మెట్టు కింద నిలబడి చూస్తోంది.

"లోపటికి రా అక్కా," అన్నాను. "రేపటి నుంచి సీలు ఉంటది. ఒకసారి చూసుకో."

"ఎందుకు తమ్మీ. పారవోసేటప్పుడు గూడ నా చెయ్యి తగిలిందంటరు."

నవ్వుతూనే అన్నది, కింది పెదవి పంటికింద పట్టుకుని.

నేను చెప్పాను. మేకు మీది తాళంచెవి, పెద్దసారు, ముంత, తల్లి పీపా. నేల చూస్తూ చెప్పాను. జవాన్లు వినకుండా గొంతు తగ్గించి చెప్పాను. అప్పుడు కూడా ఆ జాగ్రత్త పోలేదు నాకు. ఒక పీపా మా పక్కనుంచి దొర్లుకుంటూ పోయింది.

"నిన్ను నేను అడిగిన గద," అన్నది.

"అడిగినవు."

"నేనే చెడగొట్టిననుకున్న. మా అత్తమ్మ అన్నదని కాదు. నిజంగనే అనుకున్న." అరచేతులు తిప్పి చూసుకుంది, ఎవరివో వస్తువులు చూసినట్టు. "పాలు తోడు పెట్టుడు మరిచిపోయిన తమ్మీ నేను."

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు కాదు. ముందుగాల ఆయనకు చెప్పు."

గుంత దగ్గరికి పోయాను. ఆమె నా వెనకే వచ్చింది. పటేలుకు చెప్పాను. ఆయన చెయ్యి చెవి వెనక పెట్టుకుని, అలవాటు ప్రకారం ఆమె వైపు తిరిగాడు.

"ఏమంటుండు?"

నేనూ ఆమె వైపు చూశాను. అన్ని మాటలూ ఆమే కదా ఆయనకు చేర్చేది. ఆమె చేతులు కట్టుకుంది.

"నేను చెప్ప. నువ్వే చెప్పు. ఆయనకు ఇనపడేదాక చెప్పు."

ఆయన చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పాను. "పటేలా, ఆ యేడు సారా చెడగొట్టింది నేను. మీరు పెండ్లికి పోయినప్పుడు మీ తాళంచెవి తీసి గది తెరిచిన. కల్లు ముంత ముంచిన." కూలీలు గడ్డపారలు ఆపారు. జవాన్లు పీపాలు వదిలేసి చూస్తున్నారు. ఆయన ముఖంలో ఏమీ అర్థమైనట్టు లేదు. "ఆ?" అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను, ఈసారి అరిచాను. "ఆమె చెయ్యిల దోషం లేదు పటేలా, ఎన్నడు లేదు." నా గొంతు గుట్టకు తగిలి వెనక్కి వచ్చింది. ఆయన చెయ్యి చెవి మీదనుంచి మెల్లగా కిందికి జారింది. తవ్విపోసిన మట్టికుప్ప మీద కూర్చుండిపోయాడు. తలెత్తి భార్య వైపు చూడలేకపోయాడు.

నేను ఆమె వైపు తిరిగాను. గొంతు తగ్గించుకోవడం మరిచిపోయాను. అందరూ వింటుండగా అదే అరుపుతో అన్నాను.

"తప్పు నాది అక్కా. నీ బతుకు పాడు చేసిన. నన్ను మన్నించు."